ద కింద ద

మా ఖాలా పోయిందన్న సంగతి నాకు కాలనీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. "మన ప్రెస్ ఖాలా ఇక లేరు. కరీంనగర్ దవాఖానలో కన్నుమూశారు. శ్రద్దాంజలి" అని ఎవరో పెట్టారు. ఉన్న మాట చెప్తాను, నాకు ముందు కనపడింది చావు కాదు, తప్పు. ద కింద ధ వత్తు ఉండాల్సిన చోట ద కింద ద వత్తు ఉంది. ఊళ్లో సగం ఫ్లెక్సీల మీద ఉండే తప్పే అది. వీళ్ల చేతులు పడిపోను, ఒక్కడన్నా సరిగ్గా రాసి చావడు కదా అని తిట్టుకున్నాను. సాయంత్రం ఖాలాకు ఫోన్ చేసి చెప్పాలి, నవ్వుకుంటుంది అని కూడా అనుకున్నాను. ఆ తర్వాత వాక్యం మొదటికి వచ్చి మళ్లీ చదివాను. ఎవరికి చెప్పాలనుకున్నానో ఆ మనిషే లేదు.

కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు. ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తి అతికిస్తున్నారు, తప్పుతో సహా. నేనేమీ పెట్టలేదు. నా జిరాక్స్ షాపు షట్టరు సగం దించి, స్టూలు మీద కూర్చుని ఏడ్చాను.

ఖాలా అంటే ఉర్దూలో అమ్మకు చెల్లెలు. మాకు ఆమెతో చుట్టరికం ఏమీ లేదు. అయినా కాలనీలో పిల్లా జెల్లా అందరికీ ఆమె ఖాలాయే. బెల్లంపల్లి దిక్కు ఉన్న బొగ్గు కాలనీ మాది. మా ఇంటికి ఎదురిల్లు ఆమెది, నా షాపు పక్కన ప్రెస్సు ఆమెది. కాలితో తొక్కే పాత మిషను మీద ఆమె, ఆమె మొగుడు కలిసి పెళ్లికార్డులు, దశదినకర్మ కార్డులు, బట్టల షాపు కరపత్రాలు అచ్చేసేవాళ్లు. ఆయన అక్షరాలు పేర్చేవాడు, ఆమె ప్రూఫులు దిద్దేది. ఆయన పోయాక, కంప్యూటర్లు వచ్చాక, మిషను మీద గోనెపట్టా కప్పి ఆర్డర్లు తీసుకుని వేరేచోట అచ్చు వేయించేది. కానీ ప్రూఫు మాత్రం ఎవరికీ వదిలేది కాదు.

చిన్నప్పుడు ఆమె చదివింది ఉర్దూ. తెలుగు నేర్చుకుంది పెళ్లయ్యాక, ప్రెస్సులో, సీసపు అక్షరాలను చేత్తో పట్టుకుని. వత్తులకు వేరే గళ్లు ఉండేవట, ఆ వత్తులు చీమ తలకాయంత ఉండేవట. అవి జారి కింద పడితే నేల మీద మోకాళ్ల మీద పాకి ఏరేదట. "మీకు అక్షరం అంటే గీత. నాకు అక్షరం అంటే సామాను. ఒకటి పోతే ఎతుక్కోవాలె" అనేది.

ఆమె దుకాణానికి ఎవరు వచ్చినా, కార్డుకు వచ్చినా, ఊరికే మంచినీళ్లు తాగడానికి వచ్చినా, బల్ల మీద ఒక చీటీ ముందుకు జరిపేది. దాని మీద ఒకటే వాక్యం: నల్ల బొగ్గు తల్లి పిల్లల కడుపు నింపింది. ఇందులో ల ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టి చెప్పాలి. అంతే. మీరూ ఒకసారి లెక్కపెట్టండి, నేను ఆగుతాను.

నాలుగు అన్నారా? ఏం ఫరవాలేదు, అందరూ అదే అంటారు. బ్యాంకాయన నాలుగన్నాడు. బడి పెద్దసారు నాలుగన్నాడు, అని కాలర్ సర్దుకున్నాడు. నేనూ నాలుగే అన్నాను, పైగా పందెం కాశాను. ఖాలా పాన్ బుగ్గన పెట్టుకుని నవ్వి, పెన్సిలు మొనతో వరుస అడుగున చూపించింది. "పైన నాలుగు. మరి కిందున్నోళ్లు ఏమైన్రు బేటీ?" నల్లలో ఒక వత్తు, తల్లిలో ఒక వత్తు, పిల్లలలో ఒక వత్తు. మొత్తం ఏడు.

నాకసలే నోరు ఎక్కువ. "వత్తు అక్షరం ఎట్లయితది ఖాలా? నువ్వు తొండి చేస్తున్నవ్" అన్నాను.

"అయితే తీసేసి చదువు."

"నల... తలి... పిలల..."

"ఎట్లున్నది?"

"నత్తోళ్ల లెక్కున్నది."

"మరి? పైనున్నది నిలబడ్డదే కిందున్నదాని మీద" అని చీటీ మడిచి డబ్బాలో వేసుకుంది. పందెం సమోసాలు ఇద్దరం తిన్నాం.

ఏ కాగితమైనా గడగడా చదివి సంతకం పెట్టబోయే మనిషిని చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. "చదువుతున్నవా, అందాజ మీద పోతున్నవా?" అని అడిగేది. అందాజ అంటే మా దిక్కు ఉజ్జాయింపు. ఈ ఒక్క మాట నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. మొదటి అక్షరం, చివరి అక్షరం చూసి మధ్యది మనమే పూరించుకుంటామని, కన్ను బద్ధకంది అని, అది ముందే తెలిసిందే చూస్తుంది అని ఆమె వాదన. ప్రూఫు దిద్దేటప్పుడు ఆమె ఒక్కోసారి వాక్యాన్ని చివరి నుంచి మొదటికి చదివేది. వెనక నుంచి వస్తే అర్థం అడ్డం రాదట, ఉన్న అక్షరమే కనపడుతుందట.

ఒకసారి ఒకాయన బిడ్డ పెళ్లికార్డు ప్రూఫు చూసుకోవడానికి వచ్చాడు. తండ్రి చదివాడు, మేనమామ చదివాడు, పెళ్లికొడుకు తరఫు పెద్దమనిషి కూడా చదివి తలూపాడు. ఖాలా కళ్లజోడు సర్దుకుని చూసి, "అరె భాయ్, మీ అమ్మవారికి కండ్లు పోయినయా?" అంది. పోచమ్మ గుడి దగ్గరి ఫంక్షన్ హాలు అని ఉండాల్సిన చోట పోచమ్మ గుడ్డి దగ్గరి ఫంక్షన్ హాలు అని ఉంది. ఒక్క వత్తు ఎక్కువ పడింది. తండ్రి అక్కడికక్కడే లెంపలు వేసుకున్నాడు. "పోచమ్మ కండ్లు నేను కాపాడిన. బోనాల నాడు బెల్లపన్నం నాకు పంపకపోతే మల్ల గుడ్డిదాన్ని చేస్త" అని ఆమె నవ్వింది. ఆ ఇంటివాళ్లు ఏటా గిన్నె నిండా పంపేవాళ్లు.

ఇంత పట్టింపు ఎందుకో ఒకే ఒక్కసారి చెప్పింది. వాళ్ల నాయన బాయిల పని చేసేవాడు. బాయి అంటే మా దగ్గర బొగ్గు గని. షిఫ్టు అయ్యాక దీపాలు వాపసు ఇచ్చే గది దగ్గర ఒక మనిషి నిలబడి పైకి వచ్చినవాళ్లను లెక్కపెట్టాలి. ఆ రోజు అతను గుంపును చూసి, అందరూ వచ్చినట్టే ఉంది అనుకున్నాడు. ఖాలా వాళ్లమ్మ వచ్చి అడిగేదాకా ఒక మనిషి కిందే మిగిలిపోయాడని ఎవరికీ తెలియలేదు. తెలిసి దిగేసరికి ఆలస్యమైంది.

"లెక్క తప్పలే బేటీ. లెక్కనే పెట్టలే. సూసిండు, అందాజ చేసిండు" అంది ఖాలా. టీ పెట్టుకు రాపో అని నన్ను లోపలికి పంపింది.

ఇక మా కాలనీ సంగతి. మా ఇండ్ల కింద కూడా పాత బాయి ఉంది. బొగ్గు తీశాక ఆ ఖాళీని ఇసుకతో నింపాలి. ఎవరు నింపారో, ఎంత నింపారో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు. కొన్నేళ్లుగా మా తలుపులు చౌకట్లలో సరిగ్గా పట్టడం లేదు. నేల మీద గోలీ పెడితే తానే గోడ దగ్గరికి దొర్లిపోతుంది. వెనక సందులోని చేదబావి నీళ్లు ఒకనాడు చూస్తే లేవు, ఎటుపోయాయో ఎవరూ చూడలేదు. మధ్యాహ్నం దూరంగా ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ చేస్తే అలమరలో గిన్నెలు గల్లుమంటాయి, ఆ తర్వాత కాసేపు అందరం మాటలు ఆపి గోడల వంక చూస్తాం. చూసి మళ్లీ ఎవరి పని వాళ్లం చేసుకుంటాం. ఏం చేయమంటారు, బతకాలి కదా.

మా వంటింటి గోడకు సన్నటి పగులు వచ్చినప్పుడు ఖాలా మైదాపిండి జిగురు కలుపుకుని వచ్చింది. తన పాత ప్రూఫు కాగితం నుంచి పొడుగ్గా ఒక ముక్క కత్తిరించి పగులుకు అడ్డంగా అతికించింది. చూస్తే అది ఆ నల్ల బొగ్గు వాక్యమే. "గోడ కదిలితే కాగితం చినుగుతది. రోజు పొద్దుగాల చదువుకో. పిల్లతోని గూడ చదివించు" అంది. నా బిడ్డకు అప్పుడే అక్షరాలు వస్తున్నాయి. అది ఆమెను నానీ, అంటే అమ్మమ్మ, అనేది. పళ్లు తోముకుంటూ గోడ దగ్గర నిలబడి ఆ వాక్యం చదవడం దానికి ఆటైపోయింది. నా పిల్ల ఆ వాక్యంలో ఏడు ల లు మొదటిసారే లెక్కపెట్టింది. దానికి వత్తు చిన్నదని ఇంకా ఎవరూ చెప్పలేదు మరి.

షుగరు వల్ల ఖాలా కళ్లు మసకబారాయి. ప్రూఫులు దిద్దే మనిషికి అంతకంటే శిక్ష ఏముంటుంది? మధ్యాహ్నం గిరాకీ లేని వేళ నేను పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించేదాన్ని. నేను ఒక ముక్క మింగితే వెంటనే పట్టుకునేది. "నడుమ ఏదో ఎగ్గొట్టినవ్, ఎన్కకు రా." చూపు పోయినా ఆ చెవులు పోలేదు.

ఆ రోజుల్లోనే కాలనీ వెనక ఉన్న పాత రోడ్డు మధ్యలో కుంగింది. పెద్దగా ఏమీ కాదు, పళ్లెం పెట్టినట్టు చిన్న పల్లం. ఆ రోడ్డు మీద ఎవరూ పోవద్దని కాలనీలో ఇంటింటికీ చెప్పారు. రెండు వైపులా ఫ్లెక్సీ బోర్డులు కట్టారు. మేమందరం ఆ బోర్డు చూశాం, చదివాం, తలూపుకుని చుట్టుదారిన పోవడం మొదలుపెట్టాం.

నా బిడ్డ బడికి ఆటోలో పోతుంది. పాత డ్రైవరు మానేస్తే భైంసా నుంచి కొత్తతను వచ్చాడు. అతను వచ్చాక పిల్ల ఇంటికి తొందరగా రావడం మొదలైంది. మంచి మనిషి, ఎక్కడా ఆగడు అని నేను సంతోషపడ్డాను.

ఒక మధ్యాహ్నం నేను పేపరు చదువుతుంటే ఖాలా చెయ్యెత్తి ఆపింది.

"ఆ సప్పుడేంది?"

"ఏదో మోటార్ సైకిల్."

"ఏ దిక్కు?"

విన్నాను. "ఎనక రోడ్డు మీద పోతున్నట్టున్నది."

"మొన్నసంది వింటున్న. బంద్ జేసిన రోడ్డు మీద బండ్లెట్ల పోతున్నయి?"

"బోర్డున్నది కద ఖాలా. చదువు రానోళ్లు పోతరు కావచ్చు."

"మన కాలనీ బండ్లు పోతున్నయా?"

"మనోళ్లెందుకు పోతరు? మనకెరికే కద."

ఖాలా మెల్లగా అంది, "అంటే బోర్డు అక్కెరలేనోళ్లు ఆగుతున్నరు. బోర్డు సూసుకునేటోళ్లు పోతున్నరు. ఇదేం లెక్క బేటీ? జర ఆ బోర్డుల ఏమున్నదో చదువు."

నా ఫోన్‌లో ఆ బోర్డు ఫోటో ఉంది, గ్రూపులో ఎవరో పెట్టిందే. చదివాను. "గమనిక. లారీలు చుట్టుదారిన వెళ్లవలెను. ఆటోలు, మోటారు సైకిళ్లు ఈ దారిన వెళ్లవద్దు."

"మల్ల చదువు."

మళ్లీ చదివాను. అదే.

"మల్ల."

నాకు చిర్రెత్తింది. "నీకేం పని లేదా ఖాలా? నేను బడి చదువు చదివినదాన్నే. వెళ్లవద్దు అనే ఉన్నది."

"చదువుతున్నవా, అందాజ మీద పోతున్నవా? ఎన్కకెల్లి చదువు. ఆఖరి అక్షరం ఏంది?"

వేలితో ఫోటో పెద్దది చేసి చివరి అక్షరం దగ్గరికి వచ్చాను. "చు" అన్నాను.

"చు కింద?"

"చ వత్తు."

"దాని ముందట?"

"వ."

వెళ్లవచ్చు. ఆటోలు, మోటారు సైకిళ్లు ఈ దారిన వెళ్లవచ్చు. ఆ ఫోటోను కాలనీ మొత్తం చూసింది. నేను ఆ బోర్డు ముందు నుంచి రోజూ నడిచాను. అక్కడ ఏముండాలో మాకు ముందే తెలుసు, అందుకే ఏముందో చూడలేదు.

గోడ గడియారం చూశాను. బడి వదిలే వేళ దాటిపోయింది. తొందరగా వస్తోందని నేను మురిసిపోయిన పిల్ల ఏ దారిన వస్తోందో అప్పుడు తెలిసింది. డ్రైవరుకు ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. వెనక నుంచి ఖాలా అరుస్తోంది, "రోడ్డు మీదికి దిగకు! ఒడ్డుకెల్లే ఆపు! వింటున్నవా, దిగకు!"

సందు దాటి వెనక రోడ్డు దగ్గరికి పోయేసరికి అవతలి కొస నుంచి ఆటో వస్తోంది. పిల్లలు ఏదో పాట పాడుతున్నారు. నాకూ ఆటోకూ మధ్య ఆ పల్లం ఉంది. నేను మొదట చూసినప్పటికంటే పెద్దదైంది, అంచుల్లో తారు విచ్చుకుని లోపల నల్లటి సందు కనపడుతోంది. కొంగు తీసి ఊపాను. ఆగు, ఆగు అని అరిచాను. అతను నవ్వుతూ చెయ్యి ఊపాడు. నేను ఆటో ఎక్కుతానని పిలుస్తున్నాననుకుని ఇంకా దగ్గరికి వస్తున్నాడు. కాళ్లు ముందుకు లాగుతున్నాయి, ఖాలా మాట వెనక్కి లాగుతోంది. ఏమనాలో తెలియక ఆఖరికి ఒక రాయి తీసుకుని అతని మీదికే విసిరాను. అది ఆటో ముందర పడింది. కోపంగా బ్రేకు వేశాడు.

"దిగకున్రి! ఒక్కలు గూడ దిగకున్రి! గట్లనే ఎన్కకు పో!" అని అరిచాను. నా ముఖంలో ఏం చూశాడో ఏమో, రివర్సు తీశాడు. పిల్లల పాట ఆగిపోయింది. ఆటో మలుపు తిరిగేదాకా కొంగు ఊపుతూనే ఉన్నాను. చుట్టుదారిన ఇల్లు చేరిన పిల్లను వీపు మీద ఒక్కటిచ్చి, దాన్నే పట్టుకుని బావురుమన్నాను. ఎందుకు కొట్టానో దానికీ అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు.

డ్రైవరు తర్వాత ఖాలా ముందు నిలబడి తల గోక్కున్నాడు. "నా సదువు మరాఠీల అయింది అమ్మా. తెలుగు సక్కగ రాదు. ఒక్కొక్క అచ్చరం కూడబలుక్కొని చదువుత. పోవచ్చు అని రాసుంటే పోయిన. నా తప్పేంది?"

"నీ తప్పు ఏం లేదు బేటా. ఈ ఊర్ల ఆ బోర్డు చదివినోనివి నువ్వు ఒక్కనివే" అంది ఖాలా.

బోర్డు కట్టించిన కాంట్రాక్టరు మనిషిని పిలిపించాను. అతను దాని ముందు నిలబడి, పైకే చదివి, "వెళ్లవద్దు అనే ఉన్నది కదమ్మా, మీ లొల్లేంది?" అన్నాడు. చుట్టూ చేరినవాళ్లు కూడా అవును అలాగే ఉంది అన్నారు. నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. వేలు పెట్టి అక్షరం కింద చూపిస్తే ఒక్కొక్కరూ నోరు తెరిచారు. కొత్త బోర్డు వచ్చేదాకా ఏం చేయాలంటే, ఖాలా ప్రెస్సులో మిగిలిన నల్లసిరా డబ్బా పంపించింది. "రెండు బోర్డులకు మొత్తం పూసెయ్యి. రోడ్డుకు కంప అడ్డం కొట్టున్రి. తప్పు చదువుడు కంటె ఏం లేకుండుడు నయం." పూసేశాను. మోచేతుల దాకా అంటిన సిరా చాలా రోజులు వదల్లేదు.

వానలు మొదలయ్యాక ఆ రోడ్డు దిగబడింది. పట్టపగలు, పెద్ద చప్పుడు కూడా లేదట. దారి పక్కనున్న వేపచెట్టు పడలేదు, నిలబడే లోపలికి దిగిపోయింది. మేం పోయి చూసేసరికి దాని కొమ్మల చివర్లు మా కాళ్ల ఎత్తులో ఉన్నాయి, ఆకులు ఇంకా ఊగుతున్నాయి. రోడ్డు మీద ఎవరూ లేరు. ఆ రోజు ఆటో ఆగిన చోటు గుంతలో ఉంది.

కాలనీ వాళ్లు ఖాలాకు ఏదో మహిమ ఉందన్నారు. ఆమెకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. "మహిమ లేదు, మన్ను లేదు. చదువున్రి అంటె చదవరు, మహిమ అంటరు" అని కసిరింది. వాళ్లు పోయాక నాతో అంది, "ఒక్క అక్షరం దొరికింది బేటీ. దొరకనియి ఎన్నున్నయో." అప్పటి నుంచి ఏ కాగితం చేతికొచ్చినా ఆఖరి అక్షరం నుంచి మొదలుపెడతాను.

కళ్ల తర్వాత కిడ్నీలు పట్టుకుంది ఆ షుగరు. కరీంనగర్ తీసుకుపోవడానికి కారు వచ్చిన రోజు, ఎక్కి కూర్చున్నాక నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"గోడ కాయితం ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది ఖాలా. నువ్వు ఫికర్ చెయ్యకు."

"చదివి చెప్తున్నవా, అందాజ మీద చెప్తున్నవా?"

నిజమే, ఆమె దవాఖాన సామాను సర్దే హడావిడిలో ఆ పొద్దు నేను గోడ వంక చూడలేదు. లోపలికి పోయాను. కాగితం చినిగి ఉంది. పై నుంచి కింది దాకా, నీటుగా, చాకుతో కోసినట్టు. బయటికి వచ్చి చెప్పాను.

"ఎక్కడ చినిగింది? ఏ అక్షరం కాడ?"

"తల్లికీ పిల్లలకూ నడుమ."

ఆమె మసక కళ్లు నా వైపు తిప్పింది. శకునాలు నమ్మే మనిషి కాదు. "ఇల్లొక్కటే కాదు, గల్లీనే కదులుతున్నది. పిల్లను తీస్కొని ఎటన్న పో బేటీ. బోర్డు వచ్చేదాంక ఆగకు" అంది. కారు కదిలింది. నాతో ఆమె మాట్లాడిన చివరి మాట అదే.

ఎటు పోతాను? మొగుడి షిఫ్టులు ఇక్కడే, నా షాపు ఇక్కడే, పిల్ల బడి ఇక్కడే. ఇవాళ చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటూ గోడకు కొత్త కాగితం అతికించాను.

ఖాలాను తీసుకొచ్చి మా ఊళ్లోనే మట్టి చేశారు. మా ఆడవాళ్లం తలుపుల దగ్గర నిలబడి చూశాం. జనాజా మా గల్లీ లోంచి పోతుంటే భుజం పట్టినవాళ్లలో ఆ భైంసా డ్రైవరు ఉన్నాడు. పోచమ్మ గుడి కార్డు వేయించుకున్న తండ్రి కూడా ఉన్నాడు. సాయంత్రం గ్రూపు తెరిచి ఒకే ఒక్క మాట పెట్టాను: శ్రద్ధాంజలి. ద కింద ధ. ఎవరూ గమనించలేదు, అందరూ మళ్లీ చేతులు జోడించిన బొమ్మే పెట్టారు.

మర్నాడు పిల్లను ఆటో ఎక్కించడానికి బయటికి వస్తే గల్లీ మొదట్లో కొత్త బోర్డు ఉంది. బాణం గుర్తు మా ఇండ్ల వైపు. "హెచ్చరిక. భూమి కుంగుతున్న ప్రాంతం. ఈ గల్లీలోకి ఎవరూ వెళ్లవద్దు."

ఒక తప్పు దొరకాలి అని దేవుడికి మొక్కుకుంటూ చదవడం నా జన్మలో అదే మొదలు. ముందు నుంచి చదివాను. వెనక నుంచి చదివాను. గల్లీ పేరు తప్పు పడిందేమో, బాణం తిరగేసి కట్టారేమో అని పక్కకు జరిగి చూశాను. నా బిడ్డ బ్యాగు వీపున వేసుకునే మునివేళ్ల మీద లేచి, చివరి అక్షరం అడుగున వేలు పెట్టింది. ఖాలా పెన్సిలు మొన పెట్టినట్టే పెట్టింది.

"ద కింద ద ఉన్నదమ్మా" అంది. "సరిగ్గనే ఉన్నది. తప్పు లేదు."

బీరువా, బియ్యం, దాని పుస్తకాలు అన్నీ లోపలే ఉన్నాయి. ఆటోను పంపించేసి, పిల్ల చెయ్యి పట్టుకుని, బోర్డు దాటి గల్లీలోకి నడిచాను.